రంద మిషన్, ఒక్క తలుపు, నా రంది

ఏ తప్పూ చేయని ఒక మంచి టేకు తలుపును రెండు నెలల పాటు చెక్కి చెక్కి, చివరికి కోడి తన పిల్లలను వెంటేసుకుని దాని కింద నుంచి తల వంచకుండా ఇంట్లోకి నడిచి వచ్చేంతగా అరగదీసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు ఆమె రాసింది చదువుతున్నారు. చెక్కడంతోనే ఆగానా? లేదు. మా వాడకట్టుకు, అంటే మా వీధంతటికీ, కరెంటు తీసేశాను. నడివాకిట్లో కట్టె దెబ్బలు తిన్నాను. సముద్రం అవతల ఒక గది నిండా మనుషులకు ఆ పూట అన్నం సయించకుండా చేశాను. ఇంత పనీ నేను ఒక్కదాన్నే, ఎవరి సాయమూ లేకుండా చేశానని గర్వంగా చెప్పుకునేదాన్ని. తర్వాత తెలిసిన సంగతి వేరు. అది వరసలో చెప్తాను.

ఆరేళ్ల కిందటి మాట. జగిత్యాలకు పది మైళ్ల దూరంలో మా ఊరు. అక్కడ నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన మల్లేశం వడ్రంగి. అప్పటికి సౌదీ పోయి మూడేళ్లయింది. పోయేముందు తన సామానంతా ఎవరెవరికో ఇచ్చేశాడు కానీ ఒక్క రంద మిషన్‌ను మాత్రం ఇవ్వలేదు. రంద అంటే కర్రను నున్నగా చెక్కేది. చేతితో తోసేది పాతకాలపుది. కరెంటుతో నడిచేది రంద మిషన్. దాన్ని పాత లుంగీలో చుట్టి, బాలింతను పడుకోబెట్టినంత జాగ్రత్తగా సజ్జ మీద పెట్టి వెళ్లాడు. “మన్ను పడనియ్యకు” అన్నాడు. నాకు చెప్పిన ఇంకో జాగ్రత్త ఏదీ గుర్తులేదు. ‘నువ్వు జాగ్రత్త’ అన్నాడేమో, బస్సు చప్పుడులో వినిపించి ఉండదు.

ఆ జూన్‌లో మా కూతురు శ్రావణిని కరీంనగర్‌లో హాస్టల్ బడిలో వేశాను. పిల్ల వెళ్లిన మరునాడు తెలిసింది ఇల్లంటే ఏమిటో. పగలంతా అంగన్‌వాడీలో ఇరవై మంది పిల్లలు చెవి దగ్గర డప్పు కొట్టినట్టు అరుస్తారు. నాలుగింటికి తాళం తీసి ఇంట్లోకి అడుగు పెడితే, గడియారం ఒక్కటే మాట్లాడేది. అది కూడా ఒకే మాట. బియ్యం ఏరుతూ బియ్యంతో మాట్లాడాను. బియ్యం మంచివి, ఎదురు చెప్పవు. కానీ ఎంతసేపని? ఆ దిగులునే మా దిక్కు రంది అంటారు.

మా ఆయన రోజూ ఎనిమిదిన్నరకు ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ ఎలా ఉండేదో మాట పొల్లు పోకుండా రాస్తాను.

“తిన్నవా?”

“తిన్న. నువ్వు?”

“తిన్న. బిడ్డ చేసిందా?”

“చేసింది.”

“వాన పడ్డదా?”

“పడలే.”

“సరే మరి.”

అంతే. ఒక్కోరోజు వాన దగ్గర ‘పడ్డది’ అని మారేది. ఫోన్ పెట్టేశాక దాని మీద ఎంతసేపు మాట్లాడామో కనిపిస్తుంది కదా, నేను అది చూసేదాన్ని. రెండు నిమిషాలు దాటితే ఆ రోజు పండుగ. మనిషి చెడ్డవాడు కాదు. అక్కడ ఆయన చేసేది కాంక్రీటు పోయడానికి పలకలు బిగించే పని. పొద్దంతా బిగించడం, ఎండాక ఊడగొట్టడం. రోజూ అదే. దాని గురించి ఏం చెప్తాడు? నేను మాత్రం ఏం చెప్తాను? ఎవరు ఏ పూట గుడ్డు తిన్నారో చెప్పనా? ఇద్దరం ఫోన్ చెవికి పెట్టుకుని ఒకరి ఊపిరి ఒకరం వినేవాళ్లం. తర్వాత సరే మరి.

అలాంటి రోజుల్లో మొదటి పెద్ద వాన కొట్టింది. రెండు రోజులు ముసురు పట్టి, మా వీధి తలుపు ఉబ్బింది. వేస్తే పడదు, పడితే రాదు. లోపలి నుంచి నేను గుంజుతుంటే, మా పక్కింటి లచ్చవ్వత్త బయటి నుంచి నూకేది. ఆ పూట ఫోన్లో ఏదో అనాలి కాబట్టి అన్నాను.

“తలుపు పట్టుకుంటుంది.”

అటువైపు ఊపిరి మారింది. నేను గుర్తుపట్టాను.

“ఎక్కడ పట్టుకుంటుంది? మీదనా, పక్కకా?”

“పక్కకు. గొళ్లెం దిక్కు.”

“మొత్తం పొడుగునా, ఒక్క కాడనా? మూసేటప్పుడు కిర్రుమంటుందా, గప్పుచుప్‌గ ఆగుతుందా?”

“కిర్రుమంటుంది.”

“అయితె కబ్జాలు జారలేదు. కర్రనే ఉబ్బింది. టేకు గంత తొందరగ ఉబ్బదు గని, అండ్ల తెల్లచెక్క జరంత ఉండె. నేను అప్పుడే అనుకున్న...”

కబ్జాలంటే తలుపు మడత బందులు, తెల్లచెక్క అంటే మాను అంచున ఉండే మెత్తటి చెక్క. మా పెళ్లిచూపుల్లో కూడా ఈ మనిషి నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఫోన్ పెట్టేశాక చూశాను. పద్నాలుగు నిమిషాలు!

మరునాడు నేనే ముందు చేశాను.

“వడ్రంగి రాజన్నను పిలుస్తె రెండు రోజులు రానన్నడు. మన మిషన్ ఉన్నది గద. నేనే చెక్కుతా.”

ఆయన నవ్వాడు. మూడేళ్లలో నేను మొదటిసారి విన్న నవ్వు అది. “నువ్వా? మిక్సీ శబ్దానికే చెవులు మూసుకుంటవు గదనే!”

“చెప్పు, చేస్త. చెప్పకున్నా చేస్త.”

ఆ బెదిరింపు పనిచేసింది. మా ఆయన పాఠం మొదలుపెట్టాడు. నేను కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను.

“చీర కట్టుకొని మిషన్ దగ్గరికి పోవద్దు. కొంగు చిక్కుతె నిన్ను సుత గుంజుతది. గాజులు తియ్యి, జడ ముడెయ్యి, కండ్లకు అద్దాలు పెట్టుకో. తలుపును కబ్జాల నుంచి ఊడదీసి అడ్డం పండవెట్టి చెక్కాలె, నిలబెట్టి కాదు. మొలలు ఉన్నయేమో చెయ్యితోని తడిమి చూడు. బ్లేడు మొలకు తాకితె ముక్క లేసి కంట్లె పడ్తది. రాస్తున్నవా?”

“రాస్తున్న.”

“వైరు భుజం మీదికెల్లి ఎనుకకు ఏసుకో. వైరు ఎన్నడు మిషన్ ముంగట ఉండొద్దు. రెండు చేతులతోని పట్టుకో. స్విచ్ బంద్ చేసినంక సుత లోపల బ్లేడు జరసేపు తిరుగుతది. అది ఆగేదాక కింద పెట్టకు. పొట్టు ఇరుక్కుంటె వేలు పెట్టకు. మొదలు ప్లగ్గు పీకు. ముంగటి గుండీ జరంత తిప్పు, శానా తిప్పకు. పొట్టు ఉల్లిగడ్డ పొరంత పల్సగ రావాలె.”

ఇలా నలభై ఒక్క నిమిషాలు సాగింది. నలభై ఒకటి! నాకు ఆ పాఠంలో సగమే అర్థమైంది కానీ గొంతు మొత్తం అర్థమైంది. ఆ గొంతు పెళ్లైన కొత్తలో నన్ను పనికాడికి తీసుకెళ్లి, తను చేసిన దర్వాజను చూపించినప్పటిది.

మరునాడు సాయంత్రం శ్రావణి పాత ట్రాక్ ప్యాంటు, మీద మా ఆయన చొక్కా, కళ్లకు ఆయన మోటార్‌సైకిల్ నల్లద్దాలు, నెత్తికి తువ్వాల. లచ్చవ్వత్త గోడ మీది నుంచి చూసి అక్కడే ఆగిపోయింది.

“ఏందే సుజాతా గీ ఏశం? ఎవలింటి మీదన్న దాడికి పోతున్నవా?”

“తలుపు చెక్కుతున్న అత్తా. జర పట్టు, ఊడదీద్దాం.”

ఇద్దరం పేచ్‌కస్‌తో మరలు తీశాం. తలుపు ఊడి లచ్చవ్వత్త మీదికి వాలితే ఆమె మా ముత్తాతల దాకా తలచుకుంది. రెండు ముక్కాలిపీటల మీద దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ప్లగ్గు పెట్టి, మిషన్ నొక్కాను. అబ్బ! పది వేల తేనెటీగలు పిడికిట్లో పట్టుకున్నట్టుంది. కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటే కళ్లద్దాలెందుకని మీరు అడగొచ్చు. నన్ను నేను అప్పుడు అడగలేదు. కళ్లు తెరిచేసరికి పలచటి చుట్టలు చుట్టలుగా పొట్టు నా కాళ్ల దగ్గర పడింది. టేకు వాసన వచ్చింది. అది మా ఆయన చొక్కాల వాసన. రెండు సార్లు తోశాను. తలుపు బిగించాం. వేలితో తోస్తే చాలు, గడియ దానంతటదే పడేంత చక్కగా మూసుకుంది.

గంతులేసినంత సంతోషంతో ఎనిమిదిన్నర కోసం చూశాను.

“అయ్యిందా?”

“అయ్యింది!”

“మంచిగ మూసుకుంటుందా?”

“మస్తుగ మూసుకుంటుంది.”

“దెబ్బ ఏం తాకలేదు గద?”

“లేదు.”

“మంచిగైంది. సరే మరి.”

ఫోన్ చూశాను. ఒక నిమిషం యాభై.

పని బాగా చేసినందుకు నాకు దొరికిన బహుమానం అదీ. ఆ రాత్రి తలుపు వైపే చూస్తూ పడుకున్నాను. సుఖంగా, నిండుగా, ఏ చప్పుడూ లేకుండా మూసుకుని ఉంది. ఇంట్లోకి గాలి కూడా రావడం లేదు. ఇంత బాగా మూసుకునే తలుపు వెనక ఒక్కదాన్నే ఉండటం ఏమిటో ఆ రోజే తెలిసింది.

మరునాడు ఎనిమిదిన్నరకు నా నోటి నుంచి ఈ మాట వచ్చింది. నేను ఆలోచించి అన్నది కాదు.

“పై మూలకు జర పట్టుకుంటుంది.”

“ఎట్ల? మొత్తం మూసినంకనా, జరంత ఉండంగనా?”

ఇరవై ఏడు నిమిషాలు. చివరికి ఆయన అన్న మాట నా కొంప ముంచింది. “రేపు చెక్కినంక పొట్టు చూపెట్టు. పొట్టు చూస్తె మిషన్ పానం ఎట్లున్నదో తెలుస్తది.”

మా ఆయన పొట్టు రంగును చూసి కర్ర పేరు చెప్పే మనిషి. ఏ మామిడి చెక్కో గీకి చూపిస్తే పట్టేస్తాడు. కాబట్టి నా అబద్ధం నిజం కావాలంటే పొట్టు రావాలి. పొట్టు రావాలంటే తలుపు చెక్కాలి. చెక్కాను. వీడియోలో చూపించాను. ఆయన డాక్టర్ నాలుక చూసినట్టు చూసి, “ఒక దిక్కు మందం వస్తుంది, నువ్వు ఎడమ చెయ్యి ఎక్కువ ఒత్తుతున్నవ్” అన్నాడు. వేల మైళ్ల దూరం నుంచి నా ఎడమ చెయ్యి ఏం చేస్తోందో తెలిసిన మనిషికి, నా మనసు ఏం చేస్తోందో తెలియలేదని నేను ఎంతగా నమ్మానో!

ఇక ఆగలేదు. పై మూల అయ్యాక కింది మూల. కింది మూల అయ్యాక నడుమ. తలుపుకు ఉన్నవి నాలుగే అంచులు, నా దగ్గర ఉన్నవి లెక్కలేనన్ని సాయంత్రాలు. తలుపు అంచులు అయిపోతే మిషన్ మీద పడేదాన్ని.

“వాసన వస్తుంది.”

“కాలిన వాసననా, నూనె వాసననా?” ముప్పై నిమిషాలు.

“మిషన్లకెల్లి నిప్పు మిణుగురులు లేస్తున్నయి.”

“మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగినయి. ప్లగ్గు పీకి పక్కల చిన్న మూతలు ఇప్పు.” యాభై రెండు నిమిషాలు, రెండు వీడియో కాల్స్.

ఒకరోజు ఆయన “అడ్డం చెక్క ఉన్నకాడ అంచుకెల్లి బయటికి తోయకు, చీలుతది. రెండు దిక్కుల నుంచి నడుమకు తేవాలె” అన్నాడు. నేను కావాలని బయటికి తోశాను. చీలింది. ఆ చీలిక మా ఇద్దరికీ వారం రోజులు సరిపోయింది. అంత సుఖంగా గడిచిన వారం ఆ ఏడాది ఇంకొకటి లేదు.

లచ్చవ్వత్తకు అనుమానం వచ్చింది. “బిడ్డా, గీ తలుపు నీకేం పాపం చేసిందే? రోజొక్కసారి ఊడదీసి గీకుతున్నవు. దానికి సుత పానం ఉంటె ఊరిడిసి పోతుండె.”

“వానకాలం గదత్తా, ఉబ్బుతుంది.”

“వాన పోయి పదిరోజులాయె!”

నేను వినలేదు. మిషన్ చప్పుడులో అవతలి మనిషి మాట వినిపించదు. దానిలో ఉన్న గొప్ప సుఖం అదే.

ఇప్పుడు అసలు ఉపద్రవం.

ఒక శుక్రవారం. ఆ రోజు సౌదీలో సెలవు. సాయంత్రం నాలుగున్నరకు వాకిట్లో తలుపు పడుకోబెట్టి, వీడియో కాల్ పెట్టాను. ఫోన్‌ను నీళ్ల గోలెం అంచు మీద, గోడకు ఆనించి నిలబెట్టాను. “నేను ఎట్ల చేస్తున్ననో చూసి చెప్పు” అన్నాను. రెండు నెలల అనుభవం కదా, అప్పటికి ట్రాక్ ప్యాంటు పోయి చీర వచ్చింది. నల్లద్దాలు పోయాయి. వైరు భుజం మీది నుంచి దిగి, తలుపు మీద ఇష్టమున్నట్టు పడుకుంది. భయం పోతే వచ్చే తెలివితక్కువతనం మొదటి రోజు భయం కంటే ప్రమాదం. ఈ మాట మాత్రం నవ్వుకోకుండా చదవండి.

మిషన్ నొక్కాను. తోస్తున్నాను. ఫోన్ వైపు చూశాను. మా ఆయన నవ్వుతున్నాడు. బనీను వేసుకుని, అరచేతిలో గడ్డం పెట్టుకుని, సినిమా చూస్తున్నవాడిలా నన్నే చూస్తున్నాడు. నేను కూడా ఆయన్నే చూస్తూ తోశాను.

ఆ నవ్వు ఒక్కసారి ఆగిపోయింది. “వైరూ!” అని అరవడం పెదవుల మీద కనిపించింది కానీ చప్పుడులో వినిపించలేదు.

మిషన్ తన వైరును తానే కోసుకుంది. ఢామ్మంది. నీలం మంట కళ్ల ముందు మెరిసింది. నేను మిషన్ వదిలేసి వెనక్కు పడ్డాను. కరెంటు పోయినా లోపల బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది కదా, అది ముక్కాలిపీట మీద పడి దాని చెవి కొరికి ఆగింది. నా మోచెయ్యి తగిలి ఫోన్ గోలెంలో పడి బుడుంగున మునిగింది. స్తంభం మీద ఏదో టప్పుమంది. వాడకట్టులో టీవీలన్నీ ఒకేసారి నోరు మూసుకున్నాయి.

నాకేం కాలేదు. చెయ్యి కాలు చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. కానీ లేవడం రాలేదు. మాట రాలేదు. అక్కడే పొట్టులో కూర్చున్నాను.

సౌదీలో మా ఆయనకు కనిపించిందేమిటో ఆలోచించండి. మెరుపు, నేను వెనక్కు పడటం, తర్వాత నీళ్లు, తర్వాత చీకటి. ఫోన్ చేస్తే కలవదు. ఆయన లచ్చవ్వత్తకు చేశాడు.

“అత్తా, సుజాతకు కరెంటు కొట్టింది! ఉరుకు! చేతులతోని ముట్టుకోకు, నీకు సుత కొడ్తది. ఎండిన కట్టె తీస్కొని నూకు!”

ఆయన చెప్పింది సరైన జాగ్రత్తే. లచ్చవ్వత్త కూడా అందులో ఒక్క పొల్లు తప్పకుండా చేసింది. కాకపోతే వైరు ఎక్కడుందో, నేనెక్కడున్నానో చూడలేదు. పొయ్యిలోకి పెట్టుకున్న తుమ్మ కట్టె పట్టుకుని వచ్చి, పొట్టులో నోరు తెరిచి కూర్చున్న నన్ను చూసి, “ఇడువు! కరెంటును ఇడువు!” అని చేతుల మీద రెండు, వీపు మీద మూడు వేసింది.

“అత్తా, నేనేం పట్టుకోలే!”

“మాట్లాడకు, కరెంటు నా మీదికి దుంకుతది!” అని ఇంకొకటి వేసింది.

ఆ రోజు నాకు తగిలిన దెబ్బలన్నీ అవే. అవే నన్ను మనిషిని చేశాయి. మాట వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పటికి వాడకట్టంతా మా వాకిట్లో ఉంది. సగం మంది నన్ను చూడటానికి వచ్చారు, సగం మంది తమ కరెంటు ఎందుకు పోయిందో అడగటానికి వచ్చారు. ఒకామె నా నోట్లో నీళ్లు పోసింది, ఇంకొకామె కాళ్లు రుద్దింది. మూడేళ్లలో మా వాకిట్లోకి అంత మంది రావడం అదే మొదలు. ఏడుస్తూనే అందరి మొహాలూ చూశాను.

లచ్చవ్వత్త తన ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

“సుజాతా?”

“ఆఁ.”

“ఏమైందే? చెయ్యి... చేతులున్నయా?”

“అన్ని ఉన్నయి. మిషన్ వైరు తెగింది.”

“మిషన్ మన్నుల పోని!” అన్నాడు. లుంగీలో చుట్టి దాచుకున్న మిషన్‌ను మా ఆయన ఆ మాట అన్నాడు. అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. అది ఒక్క ముక్కు కాదు. ఇంకో గొంతు వినిపించింది.

“అన్నా, వదినె మాట్లాడుతుందా? మంచిగున్నదా?” ఇంకొకటి, “స్పీకర్ పెట్టన్నా.” ఇంకొకటి, “వదినె, నేను నిర్మల్ పోశెట్టిని. మీ తలుపు కింది మూల నేనే చెప్పిన, జర ఎక్కువ చెక్కిపిచ్చినట్టున్న, మాఫ్ చెయ్యి.”

నాకు తల తిరిగింది. “ఎవలు వీళ్లంత?”

మా ఆయన చెప్పాడు. వాళ్ల గదిలో ఎనిమిది మంది. మొదటి వారం నుంచే నా ఫోన్లు అందరూ వింటున్నారట. నేను ఆయనొక్కడితోనే మాట్లాడుతున్నాననుకున్న ఒక్కో మాటా ఎనిమిది మంచాల మీద చర్చ అయ్యేదట. తప్పు కబ్జాలదని సిరిసిల్లాయన, కాదు తెల్లచెక్కదని మెట్‌పల్లి ఆయన పట్టుబట్టేవారట. ఎనిమిదిన్నరకు ముందే స్నానాలు చేసి కూర్చునేవారట.

“మిగితోళ్లకు వాళ్లింట్ల వాళ్లు ఫోన్ చెయ్యరా?” అని సిగ్గుతో, కోపంతో అడిగాను.

పోశెట్టే జవాబిచ్చాడు. “చేస్తరు వదినె. తిన్నవా, తిన్న, సరే మరి అంటరు. మా ఇండ్లల్ల తలుపులు మంచిగున్నయి.”

ఫోన్ లచ్చవ్వత్తకు తిరిగి ఇచ్చేశాను.

వైరు వేయించడానికి మిషన్‌ను జగిత్యాలలో మోటార్లు బాగుచేసే సలీం భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విప్పి చూసి, నన్ను చూసి, మళ్లీ మిషన్‌ను చూశాడు.

“ఆపా, మిషన్‌కు కండ్లు లేవు. మీకు ఉన్నయి గద. ఎటు చూసిన్రు?”

ఎటు చూశానో ఎలా చెప్పను? “ఫోన్ల మాట్లాడుతున్న భాయ్” అన్నాను.

“తౌబా! బ్లేడ్లు సుత రెండూ అరిగిపోయినయి. రెండు నెలల్ల ఎన్ని తలుపులు చెక్కిన్రు?”

“ఒక్కటే.”

“ఒక్కటి?” ఆయన చేతిలోని పేచ్‌కస్ కింద పెట్టేశాడు. “అయితె అది ఇప్పుడు ఉన్నదా?”

ఉంది, ఉన్నట్టే ఉంది. చలికాలం గడిచి ఎండ ముదిరేసరికి ఉబ్బిన కర్ర ఎండి లోపలికి గుంజుకుంది. నేను చెక్కింది ఒకవైపు, ఎండ చెక్కింది ఒకవైపు. పక్కల నుంచి మూడు వేళ్లు దూరేవి. కింద నుంచి లచ్చవ్వత్త కోడి దర్జాగా వచ్చేది. తాళం మాత్రం రోజూ వేసేదాన్ని, అలవాటు కదా.

మే నెలలో మా ఆయన సెలవు మీద వచ్చాడు. ఫోన్లో మాట్లాడినన్ని మాటలు మొదటి రోజు ఎదురుగా మాట్లాడలేకపోయాం. “తిన్నవా?” “తిన్న.” మళ్లీ అదే! నాకు ఏడుపు వచ్చినంత పనైంది. మరునాడు పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం మీద పడుకునే ఉండి, తలుపు వైపు చూస్తున్నాడు. మూసిన తలుపుకు నాలుగు వైపులా ఎండ గీతలు పడి, నేల మీద ఇంకో వెలుగు తలుపు పరుచుకుని ఉంది.

లేచి వెళ్లి అంచులు తడిమాడు. సందులో మూడు వేళ్లు పెట్టి చూశాడు. నేను ఇక దాచలేకపోయాను.

“అది మొదటి రోజే మంచిగైంది” అన్నాను. “తర్వాతయి అన్ని అబద్ధాలు. ఎన్నడు పట్టుకోలే. నీతోని మాట్లాడుదామని చెక్కిన.”

ఆయన అటు తిరిగే ఉన్నాడు. “నాకెరుకే” అన్నాడు.

“ఏం ఎరుక?”

“రెండో వారమే వీడియోల చూసిన. సందుకెల్లి ఎలుగు వస్తుండె. పట్టుకునే తలుపుకు ఎలుగెట్ల వస్తదే?”

నాకు ఒళ్లు మండింది. “మరి బంద్ చెయ్యమని ఎందుకు చెప్పలే? ఇంకింత చెక్కు, ఇంకింత చెక్కు అంటివి! పొట్టు చూపెట్టమంటివి!”

“చెప్తె బంద్ చేస్తుంటివి గద” అన్నాడు. మెల్లగా, “నేను సుత వైరు సంగతి చూడాల్సుండె. నిన్నే చూసుకుంట కూసున్న. తప్పు నాది సుత” అన్నాడు.

అదీ సంగతి. తలుపును నేనొక్కదాన్నే పాడుచేశానని అంతవరకూ అనుకున్నాను. చెయ్యి నాది, మాట ఆయనది. ఇద్దరం దాన్ని చెరో వైపు నుంచి పట్టుకుని నమిలేశాం. అడ్డం పడి నవ్వాం. కోడి లోపలికి వచ్చి మమ్మల్ని చూసి వెళ్లిపోయింది.

ఆ సెలవులో ఆయన కొత్త తలుపు చేశాడు. ఇరవై రోజులు వాకిట్లో మిషన్ చప్పుడు. నన్ను దగ్గర నిలబెట్టుకుని, చీర మార్చుకొచ్చేదాకా మిషన్ ముట్టనివ్వకుండా, అద్దాలు పెట్టించి, వైరు తన చేత్తో నా భుజం మీది నుంచి వెనక్కు వేసి నేర్పాడు. తెల్లచెక్క ఒక్క వేలు మందం కూడా లేకుండా కర్ర ఏరి తెచ్చాడు. ఏ ముసురుకూ ఉబ్బని తలుపు బిగించి, మళ్లీ సౌదీ వెళ్లిపోయాడు.

జూలైలో ముసురు పట్టింది. ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది.

“తిన్నవా?”

“తిన్న. నువ్వు?”

“తిన్న. వాన పడ్డదా?”

“మూడు రోజుల నుంచి పడుతుంది.”

ఆయన ఎంతో ఆశగా అడిగాడు.

“మరి... కొత్త తలుపు పట్టుకుంటలేదా?”

“లేదు. మంచిగ మూసుకుంటుంది.”

“జరంత సుత?”

“జరంత సుత లేదు.”

“ఔనా” అన్నాడు. పక్క నుంచి పోశెట్టి నిట్టూర్పు కూడా వినిపించింది.

అందుచేత పాఠకులారా, మీ అందరి ఎదుట ఒట్టు పెడుతున్నాను. ప్లగ్గు పెట్టిన మిషన్ ముందు ఇక జన్మలో ఫోన్ పెట్టను. చీరతో దాని దగ్గరికి పోను. వైరు ఎక్కడుందో చూడకుండా స్విచ్ నొక్కను. మా ఆయనతో మాట్లాడాలనిపిస్తే ‘ఊకెనే చేసిన, మాట్లాడు’ అని నోరు తెరిచి అడుగుతానే తప్ప, ఏ తలుపునూ గోరంతైనా చెక్కను.

కిటికీల సంగతి మాత్రం ఈ ఒట్టులో లేదు.